కొనసాగించమంటారా?

మెస్తియాలో అక్టోబరు.
మంచు కొలిచే ఆఫీసులో ఇంకా పొయ్యి అంటించలేదు.
కోటు విప్పకుండానే కూర్చున్నాను.
ఎదురుగా ముర్జాకాన్ పెట్టి వెళ్ళిన కంప్యూటరు,
పదమూడేళ్ళుగా చొక్కా మార్చని మనిషిలా.

పైన వాలులో పాతిన స్తంభం
గంటకోసారి దీనికి లోతు చెబుతుంది.
నలభై. నలభై రెండు.
ఎనభై దాటితే ఇది కుతాయిసీకి కబురంపుతుంది,
కుతాయిసీ బడికి సెలవు ఇస్తుంది.
అంతే దీని ఉద్యోగం.
మొదటి మంచుకు ముందే సిస్టం మార్చాలని
పైనుంచి కాగితం వచ్చింది,
'ముందే' కింద రెండుసార్లు గీత గీసి.

మూడు మెట్లు ఒకేసారి దూకనివ్వదు లినక్సు.
ఒక్కొక్క మెట్టే, ప్రతి మెట్టు మీదా కాసేపు నిలబడి.
మొదటి మెట్టుకే
పాత గోదాము ఆ చిరునామాలో లేదంది.
వెతికి పట్టుకుంటే
తాళంచెవి గడువు తీరిపోయిందంది.
అదీ బతిమాలాక మొదలైంది అసలు పంచాయితీ.

మంచు ప్రోగ్రాముకి పాత పైథాన్ కావాలి.
పాత పైథాన్‌కి పాత తాళాల లైబ్రరీ కావాలి.
పాత తాళాలున్న ఇంట్లో
కొత్త తాళాలు కాలు పెట్టవు.
కొత్త తాళాలు లేనిదే
కుతాయిసీ తలుపు తియ్యదు.
పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళవదు.

'బలవంతం' అని ఒక మాట ఉంది,
రెండు అడ్డగీతల వెనక నక్కి.
వేలు దాని దాకా వెళ్ళింది.
తెర తాపీగా లెక్క చెప్పింది:
రెండు వందల పద్నాలుగు తీసేస్తాను,
మూడు కొత్తవి పెడతాను,
కొనసాగించమంటారా?
పదిహేడో వరుసలో నెట్‌వర్కు ఉంది.
ఇంకా కిందికి చూస్తే
నేను కూర్చున్న కొమ్మే ఉంది.
వద్దన్నాను.

కాపలా బిమూర్జా టీ తెచ్చాడు.
"ఎవరికెవరికి గొడవ?"
చెప్పాను.
"తప్పెవరిది?"
"ఎవరిదీ కాదు. ఒకరు ముందు పుట్టారు."
కిటికీలోంచి రాతి బురుజుల్ని చూస్తూ
చాలాసేపు టీ ఊదుకున్నాడు.
వాళ్ళ తాత, పగబట్టిన రెండిళ్ళ మధ్య
పదకొండు నెలలు కూర్చున్నాడట.
ఆఖరికి ఒకళ్ళకి మర దగ్గరికి పైదారి,
ఇంకొకళ్ళకి ఏటిదారి.
"కలిసిపోయారా?"
"ఛ. ఎదురుపడలేదు, అంతే.
ఎప్పుడైనా ఒక ఆవు దారి తప్పేది."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇంకో ఒర కుట్టొద్దని ఎవరన్నారు?
పాత పైథాన్‌కి మూలన ఒక గది కట్టాను.
దాని తాళాలు దాని గదిలోనే.
వాకిట్లో కొత్తవాళ్ళు.
మధ్యలో చిన్న కిటికీ,
లోతు అంకె ఒక్కటే పట్టేంత.
రాత్రి రెండింటికి ఒక ఆవు దారి తప్పింది.
కొత్త గడ్డి మేస్తున్న పాత ఫైలు ఒకటి.
చెవి పట్టుకుని తోలుకొచ్చాను.
ముర్జాకాన్ కోడు మధ్యలో ఒక వ్యాఖ్య:
'ఇక్కడ పదితో భాగించాను, ఎందుకని అడక్కు.'
అడగలేదు.

తెల్లవారుజామున మూడో మెట్టు.
స్తంభం పలికింది: సున్నా.
ఆనందం ఒక్క క్షణమే.
బయట మంచు లేదు కాబట్టి సున్నానా,
చచ్చిపోయింది కాబట్టి సున్నానా?
రెంటికీ ఒకటే మొహం.

బిమూర్జా వంటింటి స్టూలు భుజాన వేసుకుని
వాలెక్కాడు, స్తంభం కింద పెట్టాలని.
నలభై ఆరు రావాలి. టేపుతో కొలిచాం.
ఏడు కొట్టింది.
నూట ముప్పై ఒకటి.

ఆయాసం తీర్చుకోవడానికి
స్టూలు మీద కూర్చున్నాడు ముసలాయన.

పాత గదిలోంచి అంకె కిటికీ దాటింది,
కొత్త తాళం తిరిగింది,
కుతాయిసీ తలుపు తీసింది.
అన్నీ ఎంత చక్కగా పనిచేశాయో!
ఆపాలన్న సంగతి నాకు తట్టేలోపే
కింద బడి గంట మోగింది.

ఫోన్లో ఎతేరి టీచరు:
"ఇక్కడ ఎండ కాస్తోందమ్మా.
పిల్లల్ని నిజంగానే పంపించెయ్యమంటారా?"